సెమీఫైనల్ రోజు నీళ్లు

వరుస గదుల మా చాల్‌లో నీళ్లు సాయంత్రం నాలుగింటికి వస్తాయి, ఐదింటికి పోతాయి. ముంబైలో ఈ కామాటిపురాకు కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ గంటను నేను వదులుకున్నది లేదు. ఒళ్లు కాలే జ్వరంలోనూ బిందె పట్టుకుని గదుల ముందున్న గ్యాలరీ చివర నల్లా దగ్గర నిలబడ్డాను. తప్పింది ఒక్కసారే, ప్రపంచ కప్పు సెమీఫైనల్ రోజు.

మరునాడు కోడలికి పదకొండో రోజు, పురుడు స్నానం. బాలింతకు తల మీద నుంచి వేణ్ణీళ్లు పోయాలి, పాపకు పోయాలి, పది రోజుల గుడ్డలూ బొంతలూ ఉతకాలి, గదంతా కడగాలి. మా తలుపు పక్కన గ్యాలరీలో ఉన్న నీలం డ్రమ్ము నిండితే తప్ప ఇవేవీ జరగవు. పొద్దున్నే దాని అడుగు తోమి సిద్ధంగా పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఆట మొదలైంది. మనకూ న్యూజిలాండ్‌కూ పోటీ. ముందు బ్యాటింగ్ మనవాళ్లది. మా అంతస్తులో పెద్ద టీవీ మాదే కాబట్టి అందరూ మా గదికే వచ్చారు. కుర్చీలు ఎక్కడివి? బకెట్లు బోర్లించి కూర్చున్నారు. కోడలూ పాపా వెనుక సగంలో తెర చాటున ఉన్నారు. నేను చదివింది మూడో తరగతే అయినా అంకెలు వస్తాయి, స్కోరు తెలుస్తుంది.

"కప్పు మనదే. రాసిపెట్టుకోండ్రి," అన్నాడు నా కొడుకు.

"ఫైనల్ల ఆస్ట్రేలియా తగిలినంక మాట్లాడు," అన్నాడు పక్క గది టైలరు. "ఆళ్లకు కప్పంటే అత్తగారిల్లు. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడొచ్చి తిని పోతరు."

"నడుమ దక్షిణాఫ్రికా ఉన్నది గద?" అన్నారెవరో.

"అరే, సోడ్ రే, ఇడ్సిపెట్టు! ఆళ్లు టికెట్టు సెమీఫైనల్ దాకనే తీసుకుంటరు."

అందరూ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే. అతను పాలమూరు నుంచి వచ్చిన కూలీ. నాలుగు గదుల అవతల ఐదుగురితో కలిసి ఉంటాడు, గోడలకు ప్లాస్టరింగ్ చేస్తాడు. ఆ రోజు కూలీలు నిలబడే నాకా మీద పని దొరకక తిరిగొచ్చాడు.

"ముందుగాల న్యూజిలాండ్‌ను దాటుండ్రి," అన్నాడు. "ఆళ్లు లొల్లి చెయ్యరు. మేస్త్రీ లేకున్నా పని చేసుకుంట పోతరు. నన్నడిగితే ఇయ్యాల ఆళ్లదే."

ఆ మాట పూర్తయీ కాకముందే మనవాడి వికెట్ పడింది.

"నీ నాలిక మీద మచ్చున్నదిరా! నడువు బయటికి!" టైలరు లేచాడు.

నాకూ కోపం వచ్చింది. శుభమా అని పురుడు పెట్టుకుంటే ఇంట్లో ఓటమి మాటలేమిటి? "గసుంటి మాటలు నా ఇంట్ల వద్దు బిడ్డా. గ్యాలరీల నిలబడు," అన్నాను.

"సరే అవ్వా," అని నవ్వుతూనే వెళ్లాడు. అతను లేచిన బకెట్ మీద నేను కూర్చున్నాను. అది మొదలు వికెట్ పడలేదు. ఇక ఎవరూ కదలకూడదని, చోటు మారకూడదని అందరూ ఒట్టు పెట్టుకున్నారు.

నాలుగైంది. లేవబోయాను.

"అమ్మా, కూసో! నువ్వు కూసున్నకాంచి ఒక్క వికెట్ పడలే," అన్నాడు కొడుకు.

"నీళ్లు రా!"

"ఈ ఒక్క ఓవరు కానీ."

తెర వెనుక నుంచి కోడలు కూడా అంది: "కూసోండ్రి అత్తమ్మా. ఇంతకూ స్కోరెంత?"

ఇలాంటి నమ్మకాలు నాకు లేవు. అయినా కూర్చున్నాను. మనవాడు వందకు దగ్గరవుతున్నాడు. నేను లేచాక అవుటైతే ఆ నింద నాకెందుకు? నిజం చెప్పాలంటే ఆ వంద చూడాలని నాకూ ఉంది. ఒక ఓవరు అయింది, ఇంకొకటి అయింది, అలా పదీ పదిహేనూ అయ్యాయి. వంద పూర్తయి గదంతా ఎగిరి గంతేసినప్పుడు గడియారం చూశాను. ఐదు దాటి పది నిమిషాలు.

బకెట్ తీసుకుని పరుగెత్తాను. నల్లా బుస్సుమంటోంది, చుక్క లేదు. నన్ను నేను తిట్టుకుంటూ వెనక్కి వచ్చాను. రేపు పసిదానికి ఏం పోయాలి? ఖాళీ అని తెలిసినా మనసొప్పక డ్రమ్ము మూత తీశాను. అంచు దాకా నీళ్లు.

పాలమూరు అతను గోడకు ఆనుకుని లుంగీ పిండుకుంటున్నాడు. పక్కన రెండు ఖాళీ పెయింటు డబ్బాలు. టీవీల హోరులో అతను నీళ్లు పోసిన చప్పుడు నాకు వినపడనే లేదు.

"నువ్వు పోసినవా?"

"రేపు పురుడంటివి గద అవ్వా. నువ్వేమో లేస్తలేవు, నల్లా పోయే టైమైతున్నది. లోపటికొచ్చి చెప్దమంటే మళ్ల వికెట్ పడగొట్టిండంటరు."

వెళ్లగొట్టింది నేనే. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

టైలరు గుండె బాదుకున్నాడు. "అవ్వా, ఇంక ఆళ్ల బ్యాటింగ్ ఉన్నది! ఈడొస్తే ఆట పోతది!"

"పోతే పోనీ. నా మనవరాలికి నీళ్లున్నయి. నువ్వు లే, ఆ బకెట్ ఆయనకియ్యి."

అతను ఆట చివరిదాకా న్యూజిలాండే అన్నాడు. టైలరు చివరిదాకా పళ్లు కొరికాడు. మనవాళ్లు గెలిచారు.

మరునాడు బాలింతకూ పాపకూ స్నానాలు తృప్తిగా జరిగాయి. చెంబు ముంచిన ప్రతిసారీ ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను. సాయంత్రం అతను పని నుంచి రాగానే పిలిచి, పాపను ఎత్తుకోమన్నాను. సిమెంటు చేతులని వెనక్కి తీసుకున్నాడు.

"కడుక్కో బిడ్డా," అన్నాను. "నీళ్లున్నయి."