మామ ఎర్రటోపీ

పోయిన నెల వికారాబాదులో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లి, మండే ఎండల్లో మంకీ టోపీ పెట్టుకుని వచ్చిన ఈ ముసలాయన ఎవరా అని అందరూ చూస్తుండగా కుర్చీలో కూర్చున్నాను. మనవడి ఈడున్న ఆ డాక్టరు నా టోపీ తీయించి, ఉన్న నాలుగు వెంట్రుకలనూ వట్టి వేళ్లతో పాయలు తీసి చూశాడు. దీన్ని సొరియాసిస్ అంటారనీ, నెత్తిమీద చర్మం పుట్టాల్సినదానికన్నా తొందరగా పుట్టి పొలుసులు కడుతుందనీ, పూర్తిగా పోదు గానీ మందులు వాడితే చెప్పినమాట వింటుందనీ, ఒకరి నుంచి ఒకరికి మాత్రం అంటుకోదనీ చెప్పాడు. తర్వాత "మీ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్నా ఉండెనా తాతా?" అని అడిగాడు. లేదన్నాను. మామూలుగా అబద్ధమాడటానికి నాకు పెద్ద కారణమేమీ అక్కర్లేదు. దీనికి మాత్రం ఉంది.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, నలభై ఎనిమిదికి ముందు మా వైపు సర్కారు నౌకరీ చేసేవాళ్లలో చాలామంది, మతంతో పనిలేకుండా, నల్ల కుచ్చు వేలాడే ఎర్రని రూమీ టోపీ పెట్టుకునేవారు. తాండూరు బడిలో లెక్కలు చెప్పే మా మేనమామా అంతే. చదువుకోసం మా నాన్న నన్ను ఆయన ఇంట్లో దించిన రోజున మామ నా నెత్తిమీద చెయ్యి వేసి "ఏమ్ రా అల్లుడా, ఎక్కాలొస్తయా, తినుడొక్కటే వస్తదా?" అన్నాడు. ఆ చెయ్యి తర్వాత రోజూ, లెక్క తప్పినా ఒప్పినా, నా నెత్తిమీదే ఉండేది.

ఆయన నెత్తిని మాత్రం ఎవరూ చూడకూడదు. పొద్దున్నే తలుపులు వేసుకుని అత్తమ్మ దాన్ని ఆయన చేతే వేపాకు నీళ్లతో కడిగించి, కానుగ నూనెను కోడి ఈకతో రాసేది. ఈక ఎందుకంటే నొప్పి పుట్టకుండా అనేది, నేనూ అదే నమ్మాను. నేలమీది నాపబండల మీద రాలిన తెల్లటి పొట్టును గడప తొక్కేవాళ్లెవరూ రాకముందే ఊడ్చేసేది. ఆ పైన ఎర్రటోపీ. బిరుసు టోపీ కాబట్టి నడినెత్తిని తాకదు, లోపల గాలి ఆడుతుంది, నూనె మరకైనా, గోకినప్పుడు వచ్చే నెత్తురైనా ఆ రంగులో కనబడదు. ఏ హకీమూ రాసివ్వని మందు అది.

నిజాము రాజ్యం పోయాక వారం తిరక్కుండా బజారులో ఎర్రటోపీలు మాయమయ్యాయి. మామ ఒక్కడే దాన్ని వదల్లేదు. "సారు ఇంకా నిజామునే నెత్తిన మోస్తున్నడు" అని కూరగాయల దగ్గర నవ్వేవారు. నవ్వనివాళ్లతోనే అసలు చిక్కు. పైవాళ్లకు ఫిర్యాదు పోతే నౌకరీకే ముప్పని బడి పెద్దసారు రెండుసార్లు చెప్పాడు, అత్తమ్మ పరేషాన్ అయింది. నెత్తి చూపించడంకన్నా నిజాము మనిషి అనిపించుకోవడమే మామకు నయమనిపించింది.

నేనప్పటికే ఇంటిల్లిపాదినీ నవ్వించేవాణ్ణని పేరు తెచ్చుకున్నాను. మరుసటి ఆగస్టులో బడిలో జెండా ఎగరేస్తారనగా, మా నాన్న పెట్టుకునే తెల్ల ఖద్దరు టోపీ ఒకటి వికారాబాదులోని మా ఇంటి నుంచి తెచ్చి మామ చేతిలో పెట్టాను. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి "ఇది నెత్తికి అతుక్కుంటది రా, గాలాడది" అన్నాడు. "దేశానికే స్వతంత్రం వచ్చింది, నీ నెత్తికి రావద్దా మామా?" అన్నాను. అత్తమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆమె నవ్వడం చూసి మామా నవ్వి, టోపీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత నా జీవితంలో చాలా హాస్యాలాడాను, అంత పనిచేసింది మరొకటి లేదు.

ఆగస్టు ఉక్క, పైగా మా నాన్న తల చిన్నది. జెండా పైకి పోయేసరికి ఇరుకు టోపీ అంచు వెంట నూనె పచ్చగా ఊరింది, పాట అయ్యేసరికి అందులో రెండు మూడు ఎర్ర చుక్కలు లేచాయి. జెండాను చూడాల్సిన వెనక వరుసలు మామ నెత్తినే చూశాయి. "సారు నెత్తికెల్లి నెత్తురొస్తున్నది రో!" అని ఎవడో అరిచాడు. కుష్టును మా వైపు పెద్దరోగం అనేవారు, సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగింది. తెల్లారి మామ తరగతిలో నలుగురే ఉన్నారు, నలుగురిలో ఒకణ్ణి నేను. పెద్దసారు మంచివాడే, "కొన్నాళ్లు సెలవు పెట్టుండ్రి" అన్నాడు. ఆ సెలవు ఎప్పటికీ పూర్తికాలేదు.

మామ యాలాల ఊరి దగ్గరి తన పొలానికి వెళ్లిపోయి, అక్కడి రైతులందరిలాగే తలకు రుమాలు చుట్టుకున్నాడు. అక్కడ ఎవరి రుమాలు కింద ఏముందో ఎవరూ అడగరు.

నేను హైదరాబాదులో కాలేజీ చదువు ముగించి, వికారాబాదులో ఉద్యోగంలో చేరి, పిల్లలు పుట్టాక, పంతొమ్మిదివందల అరవైల్లో ఒకసారి చూడబోయాను. అరుగుమీద పక్కన కూర్చోగానే మామ చెయ్యి అలవాటుగా పైకి లేచి, నా జుట్టుకు బెత్తెడు దూరంలో ఆగి, వెనక్కి పోయింది. "జర దూరం కూసో అల్లుడా, పిల్లలు గల్లోనివి" అన్నాడు. నేను జరిగాను. ఒక బెత్తెడు జరిగితే సరిపోయేది, రెండు మూరలు జరిగాను. ఆ చలికాలమే పోయాడు. చివరి స్నానానికి కూడా రుమాలు విప్పలేదని అత్తమ్మ చెప్పింది.

నిన్న మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. "గట్టిగ పట్టేసే టోపీ పెట్టకుండ్రి తాతా, రాపిడికి ఎక్కువైతది. నెత్తికి గాలాడాలె" అన్నాడు. ఈ మాట తాండూరులో ఒక లెక్కల సారు నాకెప్పుడో చెప్పాడని అనబోయి, "ఆ రోజు మరిచిపోయిన, మా మేనమామకు ఉండె" అని మాత్రం అన్నాను. అతను కాగితంమీద ఒక్క ముక్క రాసుకున్నాడు. పేరైనా తెలియకుండా ఒక మనిషి బతుకంతా మోసినదానికి ఇప్పుడు పేరుంది, మందుంది, భయపడొద్దని చెప్పే కుర్రాడున్నాడు. బజారులో అందరూ వట్టి తలలతోనే తిరుగుతున్నారు, ఎవరి నెత్తిన ఏముందని ఆగి చూసేవాడే లేడు.

డాక్టరు మళ్లీ వట్టి వేళ్లు నా జుట్టులోకి పోనిచ్చాడు. నేను కళ్లు మూసుకుని, కోడి ఈక తప్ప మనిషి చెయ్యి పడకుండా మామ నెత్తి ఎన్నేళ్లు ఉండిపోయిందో లెక్కవేశాను. కూడికలు నాకు ఆయనే నేర్పాడు.