హెడ్డు విప్పిన ట్రాక్టరు చప్పుడు

కాస్త ఇలా దగ్గరకి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పుకునే మాట కాదిది. మా ఆయన చెవిన పడితే ఇప్పటికీ విసుక్కుంటాడు.

ముందే చెప్పేస్తున్నాను, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. చీకట్లో ఒక్కదాన్నే చేలోకెళ్ళి నీళ్ళు మళ్ళించిన దాన్ని. ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం బిళ్ళ వెయ్యండర్రా అని చెప్పే దాన్ని. పెద్దగా చదువుకోలేదు గానీ, కంటితో చూసిందీ చెవితో విన్నదీ మరిచిపోను. ఆ రోజు జరిగింది జరిగినట్టే చెబుతాను.

మాది గజపతినగరం దగ్గర పల్లె. మా చేనంతా గెడ్డ అవతల ఉంది. కొండల మీంచి దిగి వచ్చే వాగది, మామూలు రోజుల్లో మోకాలు లోతు కూడా ఉండదు. దాంట్లోంచే ట్రాక్టరు దాటించేస్తారు. వంతెన మీంచి వెళ్ళాలంటే బోలెడు చుట్టు తిరగాలి.

ఆ ఏడు వరి కోసి పనలు చేలోనే ఆరేశాం. అంతలో వాయుగుండం వస్తోందని టీవీలో చెప్పారు. వాన పడేలోగా పనలు గెడ్డ ఇవతల మెరక మీదున్న కళ్లానికి చేర్చకపోతే ఏడాది తిండి నీళ్ళపాలే. ఊళ్ళో ట్రాక్టర్లన్నీ ఎవరి పంట వాళ్ళు మోసుకోవడంలో ఉన్నాయి. మాకున్నది ఒక పాత బండి.

ఆ పొద్దున్న అదీ మొరాయించింది. రేడియేటర్ మూత తీస్తే లోపల నీళ్ళు ఎసరు మరిగినట్టు బుడగలు కక్కుతున్నాయి. ఆయిల్ చూస్తే పాలు కలిపిన టీలా ఉంది. హెడ్డు గాస్కెట్, అదే ఇంజిను మూత కింద నీళ్ళూ ఆయిలూ కలవకుండా వేసే పట్టీ, పోయిందని మా ఆయనకి అర్థమైపోయింది. బండి పక్కనే కూలబడిపోయాడు.

నేనే మా తమ్ముడు అప్పన్నకి ఫోన్ చేశాను. గజపతినగరంలో వాడికి మెకానిక్ షెడ్డు ఉంది. కొత్త గాస్కెట్ తన మోటారు సైకిలుకి కట్టుకుని వచ్చాడు.

రాగానే, "ఏటి బావా, రేడియేటర్లో నీళ్ళు పోస్తన్నావా, సారా పోస్తన్నావా? ఇలాగ పొంగిపోతన్నాది!" అన్నాడు.

"నీ ఎటకారాలు తర్వాత. సాయంత్రానికి బండి కదలాల. లేదంటే మీ అక్కని మీ ఇంటికి తోలేస్తాను, ఈ ఏడు నువ్వే తిండెట్టుకో."

"తోలెయ్ బావా, మా ఇంటిదానికీ సాయముంటాది."

మాట సరదాగానే ఉంది గానీ మా ఆయన కళ్ళు మబ్బుల మీదే ఉన్నాయి.

అప్పన్న నట్లు విప్పి, హెడ్డు లేపి గోనెపట్టా మీద పెట్టాడు. పిస్టన్లు బయటికి కనిపిస్తున్నాయి. రెండు పిస్టన్ల నడుమ గాస్కెట్ నల్లగా కాలిపోయి ఉంది. వాడు బ్లేడుతో ఆ మాడు గీకుతున్నాడు. లోపల నలుసు పడకుండా నేను గుడ్డ పట్టుకుని కూర్చున్నాను. మా అత్త అరుగు మీదుంది. ఆవిడకి చూపు ఆనదు గానీ, చెవులు మాత్రం గట్టివి.

అప్పుడే వినబడింది ట్రాక్టరు చప్పుడు. గెడ్డ దారి వైపు నుంచి.

ఊళ్ళో ఏ బండి చప్పుడు ఏదో నాకు తెలుసు. మాది నడుస్తూ నడుస్తూ ఒక దెబ్బ మింగేసి మళ్ళీ అందుకుంటుంది. వంటింట్లో ఉండి, ఎంత దూరంలో ఉందో చెప్పేస్తాను. ఆ వస్తున్నది అదే చప్పుడు.

"లచ్చిమీ, మన బండొస్తన్నాది. గేటు తియ్యే," అంది అత్త నాతో.

అప్పన్న చేతిలో బ్లేడు ఆగిపోయింది. మా ఆయన ఎదురుగా తెరిచి ఉన్న ఇంజిను కేసి చూశాడు. చప్పుడు ఇంటి దాకా రాకుండానే వెనక్కి మళ్ళి గెడ్డలోకి దిగింది. దిగి, బుడబుడమని, గొంతులో నీళ్ళు పోయినట్టయి, ఆగిపోయింది.

మా బండి సైలెన్సరు పైకి నిలబడి ఉంటుంది. దాంట్లోకి నీళ్ళు పోవాలంటే మనిషి మునిగేంత ఉండాలి.

"ఎవుడిదో బండి. పని సూడండి," అన్నాడు మా ఆయన. అంటూనే గెడ్డ దారి కేసి తిరిగి చూశాడు.

కొత్త గాస్కెట్ పరిచి హెడ్డు దించారు. నడిమి నట్ల దగ్గర మొదలెట్టి చివరలకి, కొంచెం కొంచెంగా బిగించాడు అప్పన్న. పాత ఆయిల్ తీసేసి కొత్తది పోశారు, నీళ్ళు నింపారు. ఇంజిను తిప్పితే ఒక్క బుడగ లేదు. మా ఆయన మొహంలోకి అప్పుడు నెత్తురు వచ్చింది. ఇంజినుని అలా తిరగనిచ్చి, వెనక తొట్టి తగిలించే పనిలో పడ్డాడు.

నాకు కాలు నిలవలేదు. నీళ్ళెంతున్నాయో చూసొస్తానని గెడ్డ దగ్గరకి వెళ్ళాను. నీళ్ళు తేటగా, మోకాలు కిందకే ఉన్నాయి. కానీ ఒడ్డున తడి ఇసకలో చక్రాల అచ్చులున్నాయి. మా బండి ముందు చక్రాలు రెండూ ఒక తీరువి కావు. ఒకటి కొత్తది, ఒకటి అరిగి నున్నగా అయిపోయింది. రోజూ వాకిలి ఊడ్చేటప్పుడు ఆ అచ్చులు చెరిపేది నేనే. అవే అచ్చులు. నీళ్ళలోకి దిగి ఉన్నాయి. అవతలి ఒడ్డుకి వెళ్ళి వెతికాను. ఒక్కటీ లేదు. ఇవతలికి తిరిగొచ్చినవీ లేవు. మా బండి ఆ దారి తొక్కి వారం దాటింది.

ఎలా ఇంటికొచ్చానో తెలీదు. అప్పన్న చెవిలో చెప్పాను. వాడు నవ్వలేదు. ఇంజిను ఆపేసి తాళం జేబులో వేసుకున్నాడు.

"బావా, ఆగు. వేడెక్కింది కదా, సల్లారనిచ్చి నట్లు ఇంకోపాలి బిగించాల."

"రేపు బిగిద్దువు గానీ. తాళం ఇటివ్వు."

"ఇవ్వను. దారిలో మళ్ళీ తన్నేస్తే నన్నే తిడతావు."

"నీ నట్లు సల్లారేదాకా వాన ఆగుతాదేటిరా?" అని అరిచి, నా కేసి తిరిగాడు. "నువ్వైనా సెప్పవే ఈడికి!"

నేను గుడ్డ మడత పెడుతూ తల తిప్పేసుకున్నాను. మామూలుగా ఆ రెండోసారి బిగించడం మా తమ్ముడు మర్నాడే చేస్తాడని నాకు తెలుసు. నా భయం ఉత్తిదైతే ఇంటిల్లిపాది అన్నం నా చేతులతో పారబోసినట్టే. ఇనుము అంత తొందరగా చల్లారదు. మా ఆయన మాటిమాటికీ హెడ్డు మీద చెయ్యి పెట్టడం, తియ్యడం. ఆకాశం నల్లబడుతోంది.

అంతలో కేకలు. "గెడ్డొచ్చేసింది! గెడ్డొచ్చేసింది!"

పరుగెత్తాం. మా ఊళ్ళో ఒక్క చినుకు లేదు. పైన కొండల్లో కుండపోత పట్టిందట. ఎర్రనీళ్ళు ఒడ్డులు ఒరుసుకుని పోతున్నాయి, చెట్లు దొర్లుకొస్తున్నాయి. నేను అచ్చులు చూసిన చోటు ఎక్కడో కూడా తెలియలేదు. అప్పన్న ఆపకపోతే ఆ పాటికి మా ఆయన బండి నట్టనడుమ ఉండేది. పల్లంలో పనలు మా కళ్ళెదుటే తేలి పోయాయి. చేలో మెరకనున్న పనలు మాత్రం వంతెన మీంచి తెచ్చుకున్నాం. తిండికి సరిపోయాయి, అమ్మడానికి మిగల్లేదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే మా ఆయన అడుగుల చప్పుడు విని అత్త కేకలేసింది. "ఒరే సూరీ, ఇందాక తడిసి ముద్దై వచ్చి తువ్వాలడిగితే ఇచ్చేను గదా! మళ్ళీ ఎటు పోనావురా?"

మా ఆయన ఒంటి మీద ఆయిల్ మరకలే గానీ తడి లేదు. అరుగు మీద అత్త పక్కన తువ్వాలు పడి ఉంది. పిండితే నీళ్ళు కారాయి. దాన్నిండా ఎర్ర ఇసక.

ఆ చప్పుడు వేరే ఎవరి బండిదో అంటాడు మా తమ్ముడు. అచ్చులు నీళ్ళు తినేశాయి, చూపించలేను. ముసలావిడ చెంబు ఒలకబోసుకుందేమో అన్నవాళ్ళూ ఉన్నారు. అయుండొచ్చు. ఎన్ని విధాల కలిపి చూసినా నాకు మాత్రం లెక్క తేలలేదు. మా ఆయన ఆ ఊసే ఎత్తడు. కానీ ఎండాకాలంలో గెడ్డ ఉత్త ఇసకై ఉన్నా, బండిని వంతెన మీంచే తిప్పుకొస్తాడు. నేనూ అడగను.

ఇంత ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లోంచి పనికెళ్ళిన ప్రతి మనిషీ పొద్దుండగానే, పొడిబట్టలతో, తన కాళ్ళతో గుమ్మం తొక్కాలి. మీ కుండలో అన్నం తరగకూడదు. చల్లగా ఉండండి.