నవాబు గారి నీళ్ల పాఠం

ఆ రోజుల్లో నా కంటికి లోకంలో రెండే రకాల మనుషులు: గుర్రమెక్కినవాళ్లు, ఎక్కనివాళ్లు. రెండో రకాన్ని చూస్తే జాలేసేది. (ఇప్పుడు రెండంతస్తులు మెట్లెక్కితే నా మీద నాకే జాలేస్తోంది, అది వేరే సంగతి.) ఎయిర్‌పోర్టు కార్గోలో కొత్తగా ఉద్యోగంలో చేరాను, మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున్నపూట బుద్ధున్నవాళ్లయితే బ్యాంకు పరీక్షలకు చదువుకుంటారు. నేను స్కూటీ వేసుకుని శంషాబాద్ నుంచి కొత్వాల్‌గూడ వైపున్న ఓ చిన్న గుర్రాలశాలకు పోయేదాన్ని. మా నాన్న ఏలూరు వదిలి ఎన్నేళ్లయినా మాటలో మర్యాద వదల్లేదు, కాబట్టి "ఏ రాజ్యం మీదకి దండయాత్రమ్మా?" అని ఊరుకునేవారు. అమ్మ బాధ వేరు. "ఈ ఊళ్లో గుర్రమెక్కేది పెళ్లికొడుకులు కదే! నువ్వెక్కి తిరుగుతుంటే నీకు సంబంధాలెలా వస్తాయి?" అనేది. గుర్రం వాసన పోవాలని నా బట్టలు విడిగా నానబెట్టి, అందులో డెటాల్ పోసి, నావైపు చూసి నిట్టూర్చేది.

నేనెక్కే గుర్రం పేరు నవాబు. ముదురు గోధుమ రంగు, నుదుటి మీద తెల్లచుక్క, నడకలో నిజంగానే జమీందారీ పోకడ. శాల యజమానిని అందరం సేటు అనేవాళ్లం. గుర్రం ఆయనదే, దాని మీద పిచ్చి మాత్రం పూర్తిగా నాది. మేమిద్దరం ఆడేది ఈవెంటింగ్. అంటే ఒకే మనిషి, ఒకే గుర్రం కలిసి గట్టెక్కాల్సిన మూడు పరీక్షలు. మొదటిదాంట్లో గుర్రం పెళ్లిచూపుల్లో అమ్మాయిలా అణకువగా అడుగులెయ్యాలి. రెండోదాంట్లో దుంగలూ గుంటలూ నీళ్లమడుగులూ దాటుకుంటూ మైదానమంతా పరిగెత్తాలి. మూడోదాంట్లో కర్రలు పడగొట్టకుండా దూకాలి. నవాబుకి అణకువ వచ్చు, దూకడం వచ్చు. నీళ్లు కనబడితే మాత్రం నాలుగు కాళ్లూ నేలలో పాతేసేవాడు. దారిలో వాన నీళ్లు నిలిచినా చుట్టూ తిరిగి పోయేవాడు తప్ప గిట్ట తడవనిచ్చేవాడు కాదు. కిందటి సీజనంతా ప్రతి పోటీలోనూ మమ్మల్ని నీళ్ల దగ్గర్నుంచే ఇంటికి పంపేశారు. చివరికి సేటు నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. "చూడమ్మా, కొత్త సీజన్ల మొదటి పోటీల గుడ నీళ్లల్ల దిగకపోతే ఇగ నాతోని గాదు. బరాత్‌లోళ్లకు ఇచ్చేస్త. పెండ్లికొడుకులను మోస్కుంట బతుకుతది" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. (అంటే రెండోసారి పెరుగన్నం వేసుకోలేదు.) నా నవాబు బ్యాండు మేళం వెనకాల, మెడలో మెరుపుల దండలు వేసుకుని, ట్రాఫిక్‌లో నిలబడి ఉంటాడన్న ఊహకే ఏడుపొచ్చేది.

మా కోచ్ మిలటరీలో గుర్రాల దళంలో చేసి వచ్చినాయన. ఏది మొదలుపెట్టినా, ఆఖరికి చాయ్ తాగాలన్నా "సావధాన్!" అనేవాడు కాబట్టి ఆయనకు సావధాన్ సారు అని పేరు. ఆయన శాల వెనకాల ఉన్న కుంట దగ్గరికి నవాబుని నడిపించి, బుజ్జగించి, బెల్లం చూపించి, ఉర్దూలో తిట్టి, అన్నీ చేశాడు. అలవాటున్న గుర్రాన్ని ముందు దింపితే వెనకది దిగుతుందని శాలలో ఉన్న ముసలి ఆడగుర్రాన్ని దింపాడు. నవాబు ఆవిడ వంక చూసి మొహం తిప్పుకున్నాడు. గట్టు మీద గేదెలు కాస్తున్న పెద్దమ్మ ఈ తమాషా అంతా రోజూ చూస్తూనే ఉంది. ఒకరోజు ఇక పట్టలేక అంది, "ఏంది బిడ్డా, గింత ఎత్తు గుర్రం, గిన్ని నీళ్లకు భయపడ్తదా? మా సుందరిని ముంగట తోలుత, ఎనక మీరు రాండ్రి. గాళ్లిద్దరికి దోస్తానా ఉన్నది." సుందరి అంటే ఆమె గేదె. దోస్తానా సంగతి నిజమే, శాల కంచె అవతల సుందరి మేస్తుంటే నవాబు మెడ బయటికి చాపి దాని గడ్డిలో వాటా తీసుకునేవాడు. సారు మీసం దువ్వుకుని, చాలాసేపు ఆకాశంలోకి చూసి (దిగుతున్న విమానం తప్ప అక్కడేమీ లేదు), "మిలటరీల గిట్ల ఎన్నడు చెయ్యలే. గానీ చేద్దాం" అన్నాడు.

సుందరి కుంటలోకి దిగింది. నవాబు చెవులు నిక్కించి చూశాడు, ముక్కుతో బుస్సుమన్నాడు, తర్వాత తోక ఊపుకుంటూ పోతున్న స్నేహితురాలి వెనకాల టపటపా దిగిపోయాడు! నేను వాడి మెడ కౌగిలించుకుని అరిచిన అరుపుకి కొంగలన్నీ లేచిపోయాయి. ఇక అక్కణ్ణుంచి రోజూ అదే పాఠం. ముందు సుందరి, వెనక మేము. కొన్నాళ్లకి సుందరి లేకుండానే దిగడం మొదలుపెట్టాడు. ఇంత బుద్ధిగా నేర్చుకున్నందుకు బహుమతి ఇవ్వొద్దా? పాఠం అవగానే జీను విప్పేసి, పొడుగాటి తాడుతో వాణ్ణి సుందరి పక్కన నీళ్లలో వదిలేదాన్ని. వాడు ముందుకాలితో నీళ్లు చిమ్మి చిమ్మి, మోకాళ్లు మడిచి, అచ్చం గేదెలాగే కళ్లు మూసుకుని పడుకునేవాడు. మేం ముగ్గురం గట్టు మీద కూర్చుని మురిసిపోయేవాళ్లం. "మంచిగ మనిషైండు" అనేది పెద్దమ్మ. మా ముగ్గురిలో ఒక్కరికైనా తట్టలేదు, ఆ గుర్రం అసలు నేర్చుకుంటున్న పాఠం ఏదో.

పోటీ షాద్‌నగర్ దాటాక ఓ పెద్ద మైదానంలో. మొదటి రోజు అణకువ పరీక్షలో నవాబుకి మంచి మార్కులొచ్చాయి. నేను అమ్మకు ఫోన్ చేసి డబ్బా కొట్టుకున్నాను కూడా. రెండో రోజు దుంగలు దూకాం, గుంటలు దూకాం, గాలి చెవుల్లో హోరుమంటోంది. ఎదురుగా నీళ్లమడుగు. పక్కన సారు, సేటు, కొంత జనం. నవాబు ఆగలేదు. జంకలేదు. అత్తారింటికి వచ్చిన అల్లుడిలా దర్జాగా నడుచుకుంటూ నీళ్లలోకి దిగాడు. గట్టు మీద సారు టోపీ గాల్లోకి విసిరేశాడు. నడిమధ్యకి రాగానే నవాబు ఆగి, ఎవరికోసమో అటూ ఇటూ చూశాడు. ముందుకాలితో ఒకసారి నీళ్లు చిమ్మాడు. నేనింకా "శభాష్ నాన్నా!" అంటూనే ఉన్నాను. రెండోసారి చిమ్మాడు. అప్పుడర్థమైంది నాకు. "వద్దురా, వద్దు, ఇక్కడొద్దు!" అనేలోపల మోకాళ్లు మడిచాడు. నేను దూకక్కర్లేకుండానే నా కాళ్లు నేలకి ఆనాయి. నవాబు గారు జీనుతో సహా పక్కకి ఒరిగి, హాయిగా కళ్లు మూసుకున్నారు.

గుర్రం పడుకుంటే పోటీ అయిపోయినట్టే. జనం పగలబడి నవ్వుతున్నారు. నేను మోకాలి లోతు కూడా లేని నీళ్లలో కళ్లెం పట్టుకుని చిన్నపిల్లలా ఏడుస్తున్నాను. సారు వచ్చి "సావధాన్" అని మెల్లగా గొణిగాడు. దానికి నవాబు ఒక చెవి మాత్రం కదిపాడు. ఎలాగో లేపి గట్టెక్కించాం, వాడు ఒళ్లు దులుపుకుని అందరి మీదా బురద చల్లాడు. సేటు తెల్ల చొక్కా తుడుచుకుంటూ నవాబుని ఎగాదిగా చూశాడు. నేను బతిమాలడానికి మాటలు వెతుక్కుంటున్నాను.

"దీన్ని బరాత్‌లోళ్లకు ఎట్ల ఇయ్యాలె చెప్పు?" అన్నాడు సేటు నీరసంగా. "ఫంక్షన్ హాల్ ముంగట నీళ్ల ట్యాంకర్ జర కారినా చాలు, పెండ్లికొడుకును తీస్కపోయి గా నీళ్లల్ల పండవెడ్తది. పెండ్లోళ్లు నన్ను సంపుతరు. ఇగ నువ్వే సూస్కో తల్లీ."

అలా నవాబు నాకు మిగిలాడు. వాడి చేత నీళ్లలో పడుకోవడం మాన్పించడానికి మాకు ఆ సీజనంతా పట్టింది, సుందరి చేత మాత్రం ఎవరమూ మాన్పించలేకపోయాం. తర్వాత ఒకట్రెండు చిన్న కప్పులొచ్చాయి, అమ్మ వాటిలో పసుపూ కుంకుమా పోసి పెట్టుకుంది. అయినా ఇప్పుడు నా మనసు ఆ కప్పుల దగ్గరికి పోదు, తిన్నగా ఆ మడుగు దగ్గరికే పోతుంది. తడిసిన తెల్ల ప్యాంటుతో నీళ్లలో నిలబడి ముక్కు ఎగబీలుస్తున్న ఆ పిల్లని చూస్తే ముద్దొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. భుజం తట్టి, "ఏడవకే పిచ్చిమొహమా, ఇంకో నిమిషంలో నీ గుర్రం నీదవుతుంది" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదనుకోండి. గుర్రమెక్కనివాళ్ల మాట అదెప్పుడు విన్నది గనుక!