నా బుగులుకు విలువిచ్చిన పక్కింటి సారు

మా పక్కింటి కంప్యూటర్ సారు ఇక లేడు. పోయిన వారం నేను బియ్యం కడుగుతుంటే ఆయన భార్య ఆసుపత్రి గేటు దగ్గర నుంచి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, అయిపోయింది" అన్న ఒక్క మాటే చెప్పగలిగింది. గిన్నె నిండి బియ్యం పొర్లిపోతున్నా కుళాయి కట్టేయాలన్న సోయి నాకు లేకపోయింది. కుళాయి కారినా, గ్యాసు వాసన వచ్చినా బుగులుతో ప్రాణం కొట్టుకునే మనిషిని నేను. ఆ రోజు నీళ్ళు ఆపింది మా ఆయన.

మేం సూరత్ వచ్చి ఎన్నో ఏళ్ళయింది. మా ఆయన సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, చీరలు నేసేవాడు. నేను నాలుగో తరగతితో బడి మానేసి, ఇక్కడికొచ్చాక కార్ఖానాలో తెగిన పోగులు అతికే పని చేశాను. సారు ఇక్కడే ఆల్థాన్‌లో చీరల డిజైన్లు గీసే ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాడు. ఇప్పుడు పువ్వులూ బార్డర్లూ కాగితం మీద ఉండవట, అన్నీ ఒక పెద్ద పెట్టెలో ఉంటాయట. ఏళ్ళ తరబడి గీసిన డిజైన్లన్నీ అందులోనే. అవి పోతే ఆఫీసూ లేదు, వాటిని నమ్ముకున్న సాంచాలకు పనీ లేదు. మొదటి లాక్‌డౌన్‌లో ఆఫీసు మూసేస్తుంటే ఆ పెట్టెను ఆటోలో ఇంటికి తెచ్చి, భార్య కుట్టు మిషన్ బల్ల మీద పెట్టాడు. వేడికి చెడిపోకుండా టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పాడు.

"మాకేమో చెమటలు, దీనికేమో గాలి. నేను గూడ డబ్బానై పుడితే బాగుండు" అనేది ఆయన భార్య.

మా రెండిళ్ళకూ మెయిన్ స్విచ్ మా వరండాలోనే ఉంది. కాలిన వాసన వచ్చినట్టు అనుమానం కలిగితే చాలు, కట్టేసేదాన్ని. గల్లీలో అందరూ విసుక్కునేవాళ్ళు. ఆ పెట్టె గుయ్యిమంటూ, లైట్లు మిణుకుమిణుకుమంటూ ఉంటే నాకు కాలు నిలవలేదు.

"బిడ్డా, గిది అంటుకోదు గదా? లోపల ఏమన్న కరాబైతే ఎట్ల?" అని అడిగాను.

ఆయన నవ్వలేదు. మూత తీసి చూపించాడు. లోపల నాలుగు నల్లటి డిస్కులు వరసగా ఉన్నాయి.

"కరాబైతది పెద్దమ్మా. ఏదో ఒకనాడు తప్పక అయితది. నా పనే ఆ బుగులు పడుడు. అందుకే వీటిని రెయిడ్ అనే పద్ధతిల జోడిచ్చి కట్టిన. డిజైన్ల మాలంతా ఈ నాలుగు డిస్కులల్ల పంచి ఉంటది. ఒకటి పోతే, మిగిలిన మూడింటిని చూసి పోయినదాంట్ల ఏముండెనో లెక్క కట్టుకొని మళ్ళ రాసుకుంటది. పోగు తెగితే పక్క పోగులు చూసి అది ఏ రంగుదో నువ్వు చెప్పవా? గట్లనే."

"మరి రెండు తెగితే?"

"రెండు పోతే ఇగ చేతులెత్తుడే. అందుకే ఒకటి పోంగనే కొత్తది పెట్టాలె. దుకాన్లు బందున్నయని కూసుంటే నడ్వది" అంటూ అదనంగా కొనిపెట్టిన ఐదో డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గర అమానత్, నేనడిగేదాంక దాచిపెట్టు. మా ఇంట్ల ఉంటే ఏడనో పడ్తది. నీ దగ్గరైతే దినాం చూసుకుంటవు."

ఈ వయసు వచ్చేదాకా అందరూ నన్ను బుగులు పడకు అన్నవాళ్ళే. అది పనికొచ్చే గుణమని నమ్మి ఒక వస్తువు దాచమన్నవాడు ఆయనొక్కడే. పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టాను. ఆయన అన్నట్టే రోజూ తడిమి చూసేదాన్ని.

ఉత్త బుగులుతో లాభం లేదని, ఏది పోతుందని బుగులో దానికి జోడుగా ఇంకోటి పెట్టుకోవాలని చెప్పేవాడు. ఆయన మాట మీదే బీపీ గోలీలు రెండు చోట్ల పెట్టాను. ఇంటి తాళం చెవి ఇంకోటి చేయించి వాళ్ళింట్లో ఇచ్చాను. మా ఆయన ఊరుకుంటాడా? "ఇంట్ల అన్నీ జోడు జోడైనయి. మొగుడొక్కడే ఒంటిగున్నడు. ఇగ రేపో మాపో ఇంకొకన్ని తెస్తది" అనేవాడు. సారు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

రెండో విడత కరోనా మా గల్లీని గట్టిగా పట్టుకుంది. సారుకు జ్వరం వచ్చింది. అప్పుడే, ఇంకా వాళ్ళింట్లోనే ఉన్న ఆ పెట్టె కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆయన మూతికి గుడ్డ కట్టుకుని గడప లోపలే నిలబడి పిలిచాడు.

"పెద్దమ్మా, అమానత్ తే."

డిస్కు గడప మీద పెట్టి నేను దూరం జరిగాను. ఆయన చెడిపోయినదాన్ని లాగి కొత్తదాన్ని తొడిగాడు. "ఇగ మళ్ళ రాసుకుంటది. రేపటిదాంక పడ్తది. లైటు కొట్టుకుంటుంటే పని నడుస్తున్నట్టు, పచ్చగ నిలబడితే అయిపోయినట్టు. జర గప్పటిదాంక మెయిన్ జోలికి పోకు తల్లీ" అని చేతులు జోడించాడు.

ఆ సాయంత్రమే ఊపిరి ఆడక ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయారు. వెంట భార్య వెళ్ళింది. ఆ ఇంట్లో కాలు పెట్టాలంటే నాకు భయం. కిటికీ బయట స్టూలు వేసుకుని లైటు చూస్తూ కూర్చున్నాను. ఆయన మంచం మీద నుంచి ఫోన్ చేశాడు.

"లైటు... ఎట్లున్నది?"

"కొట్టుకుంటనే ఉన్నది బిడ్డా. మెయిన్ మీద చెయ్యి పెట్టలే, ఒట్టు."

మరునాడు మధ్యాహ్నం లైటు పచ్చగా నిలబడింది. నా అంతట నేనే ఫోన్ చేసి చెప్పాను. ఎంత సంబరమో నాకు!

"మంచిగ... చూసినవు... పెద్దమ్మా. ఇగ... బుగులు లేదు" అన్నాడు.

మాటకూ మాటకూ నడుమ చాలా సందు వచ్చింది. నేను సిగ్నల్ సరిగా లేదనుకున్నాను. "ఇనవడ్తలేదు బిడ్డా, మల్ల చేస్త" అని పెట్టేశాను. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

అన్నిటినీ అనుమానించేదాన్ని. వైరు వేడెక్కిందేమో, పాలు విరుగుతాయేమో అని వెతుక్కుని మరీ దిగులు పడేదాన్ని. ఆ సందుల్లో ఆయన గాలి కోసం పాకులాడుతున్నాడని మాత్రం నాకు తట్టలేదు. తట్టి ఉంటే బతికించేదాన్నని కాదు. కనీసం ఊపిరి ఎట్లుంది బిడ్డా అని, ఇంత ఏమన్నా తిన్నావా అని అడిగేదాన్ని. చివరి మాటలన్నీ లైటు గురించే అయిపోయాయి. ముఖం కూడా చూపించలేదు, ఆసుపత్రి నుంచే బండిలో తీసుకుపోయారు.

నిన్న సారు ఆఫీసు సేఠ్ పంపిన మనిషి వచ్చి పెట్టె తీసుకుపోయాడు. ఇక్కడే తెరిచి చూసుకున్నాడు, ఒక్క పువ్వు కూడా పోలేదట. చెడిపోయిన డిస్కు ఇవ్వబోతే "యే తో ఖరాబ్ హై మాసీ, ఫేంక్ దో" అన్నాడు. పారేయడానికి నాకు చేతులు రాలేదు. అదే చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టాను.

పొద్దున ఆయన భార్యకు జావ తీసుకుపోయాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుట్టు మిషన్ బల్ల ఖాళీగా ఉంది. టేబుల్ ఫ్యాన్ ఇంకా ఆ బల్లవైపే తిరుగుతోంది. ఆమె దాన్ని తనవైపు తిప్పుకోలేదు. నేనూ స్విచ్ కట్టేయలేదు.