రెండు కండ్ల కెమెరా

మా ఇంట్లో అందరి ఫోన్లలోనూ అవ్వ, అంటే మా అమ్మ, ఫోటోలున్నాయి. ఒక్కటీ పనికిరాదు. ఒకదాంట్లో తలుపు వైపు చూస్తుంటుంది, ఇంకోదాంట్లో ఒళ్ళోకి. "గిటు సూడవ్వా" అని అరిస్తే గొంతు వచ్చిన దిక్కుకు తిరుగుతుంది గాని ఫోన్ ఉన్న దిక్కుకు తిరగదు. మా బిడ్డ ఒకసారి ఆ ఫోటోలకు మెరుగులు దిద్దింది. ముడతలన్నీ పోయి అవ్వ టీవీ సీరియల్లో అత్తగారిలా తయారైంది. నాకు ఒళ్ళు మండింది.

అవ్వ మొహం నిండుగా ఉన్న ఫోటో ఒకప్పుడు ఒక్కటే ఉండేది. మా నాన్న, బాపు, బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే రోజుల్లో, నేను పదో తరగతి పాసైతే మమ్మల్ని స్టూడియోకు తీసుకుపోయి తీయించాడు. ఫోటో ఆయన మెడలో పెట్టెలాంటి కెమెరా వేలాడేది. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు. ఆయన మన వైపు చూడకుండా, తల వంచి పెట్టెలోకి చూసేవాడు. పరాయి మగమనిషి ఎదురుగా నిలబడి తేరిపార చూస్తాడని ముడుచుకున్న అవ్వ, ఆయన తల వంచగానే నవ్వింది. ఆ నవ్వు ఫోటోలో పడింది. క్వార్టర్ గోడ చెమ్మకు ఆ ఫోటో అద్దానికి అంటుకుపోయి, తీయబోతే మొహాలే ఊడి వచ్చాయి.

బాపు పోయాక అవ్వ కరీంనగర్‌లో నా దగ్గరే ఉంటోంది. ఉన్నన్నాళ్ళలో ఒక్క ఫోటో, ఆమెది ఆమెగా ఉన్నది, నాకు కావాలి. అట్లాంటి కెమెరా అయితే అవ్వ మళ్ళీ నవ్వుతుందని నాకు గట్టిగా అనిపించింది. నెట్‌లో చూస్తే జర్మనీవి నా జీతానికి అందేవి కావు. బాగున్న జపాన్‌వి కూడా అంతే. మా ఆయన ఒకటే ఎగతాళి. "రీళ్ళ కెమెరా అయిపోయినంక గ్రామఫోన్ కొంటవా?" అన్నాడు. నేను బెల్లంపల్లిలో ఉన్న చిన్ననాటి స్నేహితురాలికి ఫోన్ చేశాను. స్టూడియో మూతపడింది గాని ఫోటో ఆయన ఉన్నాడు, కెమెరా కూడా ఉందట.

మంచిర్యాలలో బస్సు మారి పోయాను. ముసలాయన నన్ను గుర్తుపట్టలేదు. బాపు పేరు చెప్తే గుర్తుపట్టాడు. కెమెరా తెచ్చి చేతిలో పెట్టాడు. అంత బరువుంటుందని అనుకోలేదు. చదివి వచ్చిన విద్యంతా ప్రదర్శించాను. వెనక తలుపు తీసి, షట్టర్ తెరిచి, ట్యూబ్‌లైట్ వైపు పెట్టి లోపల బూజు పట్టిందేమో చూశాను. షట్టర్‌ను నిదానమైన వేగం మీద పెట్టి, దాని చప్పుడు చెవి దగ్గర విన్నాను. బండి కొనేవాడు టైరును తన్ని చూసినట్టే ఉంది నా వ్యవహారం. ఆయన ఓపికగా కూర్చున్నాడు.

"కాకా, మీదిదెందుకు, కిందిదెందుకు?" అని తెలిసీ అడిగాను.

"మీదిది మనం సూసెటందుకు బిడ్డా. కిందిది రీలు సూసెటందుకు. నువ్వు సూసేది వేరే, అది సూసేది వేరే. జర యాదుంచుకో."

ధర నా చేతికి అందేదే. బేరమాడాలని నోటిదాకా వచ్చింది గాని, ఆయన దాన్ని తుడుస్తున్న తీరు చూసి ఊరుకున్నాను. అప్పుడు లోపలి నుంచి ఆయన భార్య పసుపు కుంకుమ పళ్ళెంతో వచ్చింది. ప్రతి దసరాకు ఆయుధపూజలో పెట్టినట్టే, తడి పసుపులో వేలు ముంచి, రెండు లెన్సుల నడుమ ఇంత అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది. "ఇంట్ల కెల్లి పోతున్నది, ఉత్తగ ఎట్ల పంపుత?" అన్నది. కెమెరాను తోలు సంచీలో పెట్టి, మూసి, ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

బొట్టు అట్లాగే ఉంచాను. పెట్టిన బొట్టు ఎవరు తుడుస్తారు?

హైదరాబాద్ నుంచి రీలు తెప్పించాను. దాంట్లో పడేవి పన్నెండే ఫోటోలు. ఆదివారం పొద్దున అవ్వను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టాను. తల వంచి చూస్తే పెట్టె పైనున్న గాజు మీద అవ్వ అద్దంలో లాగా అటుదిటు ఇటుదటుగా కనిపించింది. నేను ఎడమకు జరిగితే ఆమె ఎటో పోయేది. కిందామీదా పడుతుంటే అవ్వ అడిగింది.

"యాడున్నవే?"

"నీ ముంగటనే ఉన్న. తల కిందికి పెట్టుకున్న."

"గా స్టూడియో ఆయన లెక్కనా?" అని అవ్వ నవ్వింది. అదే నవ్వు. వెంటనే మీట నొక్కాను. గాజు మీద ఆమె కనుబొమ్మ వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. రీలంతా అవ్వకే పెట్టేశాను.

రీలు కడిగించి, ఫోటోలు చేయించి తెప్పించడానికి చాలా రోజులు పట్టింది. కవరు చించి చూసి కూలబడ్డాను. పన్నెండూ మబ్బే. పాలపొంగు ఆవిరి వెనక ఎవరో కూర్చున్నట్టుంది. నవ్వు ఉందని నాకు తెలుసు గనుక తెలుస్తోంది, అంతే. లెన్సు పాడైన కెమెరా అంటగట్టాడని ముసలాయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. మా ఆయన ఎగతాళి చేయకుండా పక్కన కూర్చున్నాడు. అది ఇంకా బాధనిపించింది.

అవ్వ చేయి చాపింది. "ఏదీ, నన్ను సూడనియ్యి." ఒక ఫోటో మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నది గదనే. సాఫ్‌గ ఉన్నది. దీనికెందుకు పరేషాన్ అయితున్నవ్?"

నన్ను ఓదార్చడానికి అంటోందనుకున్నాను. "నీ చెవుల కమ్మలు కనవడ్తున్నయా అవ్వా?" అన్నాను.

"ఇంత దూరంకెల్లి ఫోటో దించితే కమ్మలెట్ల కనవడ్తయే? నీ మొఖంల ముక్కుపుల్ల నాకు కనవడ్తుందా ఇప్పుడు?"

ఆమెకూ నాకూ మధ్య మూరెడు దూరం. అవ్వ బియ్యంలో రాళ్ళు చేత్తో తడిమి ఏరుతుంటే అలవాటనుకున్నాను. ఫోన్ వైపు చూడకపోతే సిగ్గనుకున్నాను. ఫోన్ ఎక్కడుందో ఆమెకు కనిపించడమే లేదు. ఆ మబ్బు ఫోటోలు ఆమెకు నిజంగానే సాఫ్‌గా ఉన్నాయి. లోకం మొత్తం అట్లాగే ఉంది.

మర్నాడే కండ్ల దవాఖానకు తీసుకుపోయాను. రెండు కండ్లలోనూ మోతిబిందు, అదే శుక్లాలు. "ముసల్దాన్ని, నాకెందుకు పైసలు దండుగ" అని అవ్వ మొండికేసింది. నేను అంతకన్నా మొండిదాన్ని. ఒక కన్ను ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళకు రెండోది చేయించాను. కెమెరా అల్మారాలో బట్టల వెనక పడి ఉంది. దాని మొహం చూడబుద్ధి కాలేదు.

చుక్కల మందు మానేసిన తర్వాత ఒకరోజు అవ్వ అల్మారా సర్దుతూ పాత కవరు బయటికి తీసింది. వరండాలోకి తెచ్చి, వెలుతురుకు పెట్టి ఒక్కొక్కటే చూసింది.

"గిదేందే? గింత మబ్బుగ దించినవ్! నా మొఖమేదీ?"

"నువ్వే గదా మంచిగున్నయన్నవ్?"

"అప్పుడు మంచిగనే ఉండె మరి," అన్నది. కెమెరా ఇటు తెమ్మంది. ఒళ్ళో పెట్టుకుని తోలు సంచీ విప్పింది. అటూ ఇటూ తిప్పి చూసి, ముందర వేలు పెట్టి ఆగింది.

"గీ కింది కన్నుల పసుపెందుకున్నది?"

కండ్లద్దాలు పెట్టుకుని చూశాను. నడుమ పెట్టిన తడి పసుపు ఆ రోజు సంచీ మూతకు రాసుకుని, కింది లెన్సు మీద పల్చగా పరుచుకుని ఎండిపోయింది. నేను చూసిందంతా మీది కంటితో. అదేమో శుభ్రంగా ఉంది. బెల్లంపల్లి ముసలాయన్ను ఎన్ని మాటలన్నానో తలుచుకుని సిగ్గేసింది.

"బొట్టు గదా అవ్వా, తుడవొద్దనుకున్న."

"బొట్టు మనుషులకు గని కంటికి పెడ్తరానే?" అని అవ్వ కొంగు చివర నోటి ఆవిరితో తడి చేసి, బిడ్డ కండ్లలో పుసులు తీసినంత మెల్లగా తుడిచింది. వెలుతురుకు పెట్టి, ఇంకోసారి తుడిచి, నా చేతికిచ్చింది.

"ఇగ దించు. దించినంక నువ్వు గూడ జర దవాఖానకు పోయి కండ్లు సూపిచ్చుకో బిడ్డా."

నేను తల వంచాను. గాజు మీద అవ్వ సూటిగా నన్నే చూస్తోంది.