బుల్లబ్బాయి గారి పదిహేడో రూలు

బుల్లబ్బాయి గారు ఎవరిని కలిసినా ముందు వాళ్ళ బరువు అడిగేవారు. పేరు ఆ తరవాత. ఊరు, ఉద్యోగం, పెళ్ళయిందా లాంటి వివరాలు అవసరం పడితే అడిగేవారు, లేకపోతే లేదు. పదేళ్ళ పరిచయస్థుల పేర్లు మరిచిపోయేవారు గానీ, వాళ్ళు ఎన్ని కేజీలో మాత్రం ఠక్కున చెప్పేవారు.

నన్ను అడిగింది 2000 జనవరిలో. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక మూడో అంతస్తులో నేను ఒరాకిల్ కంప్యూటర్ కోర్సు చెప్పేదాన్ని. నా క్లాసుకీ పక్క గదికీ మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. ఆ గదిలోకి ఎవరో కొత్తగా దిగారంటే పలకరిద్దామని వెళ్ళాను. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్న అరవై దాటిన మనిషి, బియ్యం బస్తాలు తూచే కాటాని తలుపు పక్కన పెట్టిస్తున్నారు. నేను అరుణాదేవినని చెప్పేలోపే ఆయన, "మీ బరువెంతమ్మా?" అన్నారు. ఆ ప్రశ్న ఆడవాళ్ళని అడిగి క్షేమంగా ఉన్న మగవాణ్ణి నేనంతవరకు చూడలేదు. అరవై ఒకటి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, నోటుబుక్కులో అరవై అయిదు అని రాసుకున్నారు. నిజానికి అరవై అయిదున్నర.

ఆయన కాకినాడ రేవులో ముప్ఫయ్యేళ్ళు మోటారు బోటు నడిపారు. లంగరేసిన ఓడల దగ్గరికి మనుషుల్ని గబగబా చేర్చి తీసుకొచ్చే బోటు అది. రిటైరయ్యాక భార్య సీతామహాలక్ష్మి గారితో పంజాగుట్టలో ఇల్లు తీసుకున్నారు. మొదటి రోజు అమీర్‌పేట చూడ్డానికి వచ్చి, గోడల నిండా బోర్డులు చూశారు. ఇక్కడ ఎవరికి ఏది వస్తే అది నేర్పుతున్నారని ఆయనకి అర్థమైంది. నాకూ ఒకటి వచ్చు కదా అనుకున్నారు. వారం తిరక్కుండా జావా బోర్డుకీ శాప్ బోర్డుకీ మధ్య ఆయన బోర్డు వేలాడింది: "హైస్పీడ్ బోటు డ్రైవింగ్. అలల్లో భద్రత మా ప్రత్యేకత."

అమీర్‌పేటలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. ప్లేస్‌మెంటు ఉందా అని మాత్రం అడిగారు. మొదటి బ్యాచిలో అయిదుగురు చేరితే అందులో ఇద్దరు ఇది కొత్త సాఫ్ట్‌వేర్ అనుకుని చేరినవాళ్ళు. సంగతి తెలిశాక కూడా, జావా కన్నా ఇదే నయమని ఉండిపోయారు.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. బోటు మునిగేది అలల వల్ల కాదు, మనుషులు తప్పు చోట కూర్చోవడం వల్ల. బరువంతా ముక్కు మీద పడితే బోటు అలలో దిగబడుతుంది, ఒక పక్కకే పడితే తిరగబడుతుంది. ఇంతవరకు ఎవరూ కాదనరు. చిక్కల్లా ఏమిటంటే, ఆయన దీన్ని నేల మీద కూడా అమలు చేసేవారు.

పంజాగుట్ట వెళ్ళే షేరాటో ఎక్కేముందు ఎక్కినవాళ్ళందరినీ కిందికి దింపి, బరువులు కనుక్కుని, మళ్ళీ ఎక్కించేవారు. డ్రైవరు కనకయ్య మొదట్లో నెత్తి కొట్టుకున్నాడు. "పెద్దాయనా, గిది ఆటో, పడవ గాదు" అని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది. నెల తిరిగేసరికి కనకయ్యే ప్యాసింజర్లను నువ్వెంత, నువ్వెంత అని అడగడం మొదలుపెట్టాడు. అడిగితే, స్పీడు బ్రేకర్ల మీద ఎగరడం తగ్గిందన్నాడు. ఆటో తగ్గిందో, మనుషులే భయంతో గట్టిగా పట్టుకుని కూర్చుంటున్నారో నాకు తెలియదు.

ఎర్రమంజిల్‌లో మా బంధువుల పెళ్ళికి ఆయన్ని తీసుకెళ్తే, ఫోటోకి నిలబడ్డ మగపెళ్ళివారిలో ముగ్గురు భారీ మనుషుల్ని వేదిక దింపేశారు. పెళ్ళికొడుకు మేనమామ అలిగి భోజనం మానేస్తానన్నాడు. నేను అందరి కాళ్ళావేళ్ళా పడి సర్దిచెప్పి వచ్చి, వేదికకి ఏమైందని ఇంత గొడవ చేశారని ఆయన్ని నిలదీశాను.

"ఏమీ కాలేదు కదమ్మా. అదే రుజువు" అన్నారు తృప్తిగా.

క్లాసు మాత్రం బ్రహ్మాండంగా చెప్పేవారు. మేడ మీద నులక మంచం, దాని మీద కుర్చీ, కుర్చీ ముందు పాత అంబాసిడర్ స్టీరింగు. నలుగురు విద్యార్థులు మంచం కోళ్ళు పట్టుకుని ఊపితే అవి అలలు. కుర్చీలో ఉన్నవాడు బోటు నడపాలి. వానొస్తే పాఠం కింద గదిలోకి వచ్చేది, అంటే నా క్లాసులోకి కూడా వచ్చేది. ఆయన పాఠం ఇలా సాగేది: ఎదురొచ్చే అలని తిన్నగా గుద్దకు, కాస్త ఏటవాలుగా ఎక్కు. ఎక్కేటప్పుడు ఇంజనుకి బలమివ్వు, పైకెళ్ళాక తగ్గించు, లేకపోతే బోటు గాల్లోకి లేస్తుంది. పడేది నీళ్ళ మీదే అయినా ఆ వేగంలో నడుముకి అది సిమెంటే. వెనక నుంచి తరిమే అలని దాటి పరిగెత్తకు, ముక్కు ముందు అలలో గుచ్చుకుంటుంది. మలుపు తిప్పాలంటే పెద్ద అలలు పోయేదాకా ఆగు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి వేగం పిడి మీద. ఇంజను తాడు మణికట్టుకి కట్టుకో, నువ్వు నీళ్ళలో పడితే అదీ ఆగాలి.

ఇదంతా ప్లైవుడ్ దాటి వచ్చి మా పిల్లల నోట్సులో కలిసిపోయింది. డేటాబేసులో లావాదేవీ మధ్యలో ఆగితే ఏం చేయాలని పరీక్షలో అడిగితే, ఒకడు పెద్ద అలలు పోయేదాకా ఆగాలని రాశాడు. సగం మార్కులిచ్చాను.

ఫిబ్రవరిలో విజయేందర్ చేరాడు. జనగామ వైపు కుర్రాడు, ఇరవై మూడేళ్ళు. అప్పటికే మూడు కంప్యూటర్ కోర్సులు చేసి, ఒక్కదానిలోనూ ఇంటర్వ్యూ దాటలేకపోయాడు. ఎస్.ఆర్. నగర్‌లో ఒక గదిలో ఆరుగురితో ఉండేవాడు. వాళ్ళ నాయన పెంటయ్య బోనాల దాకా గడువిచ్చాడు. అప్పటికీ నౌకరీ రాకపోతే ఊరికొచ్చి మేనమామ సిమెంటు దుకాణంలో కూర్చోవాలి. మేనమామ పేరెత్తితేనే వాడి మొహం మాడిపోయేది.

మంచి పిల్లాడు, కానీ మొండివాడు. ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోడు. నేను టీ ఇస్తే తాగొచ్చానంటాడు. బుల్లబ్బాయి గారు మధ్యాహ్నం ఇంటికి రమ్మంటే తినొచ్చానంటాడు. చేరినరోజు కాటా ఎక్కిస్తే యాభై ఒకటి చూపించింది. బుల్లబ్బాయి గారు ఆ అంకె రాసుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశారు.

తరవాతి సోమవారం క్లాసు బోర్డు మీద, అప్పటిదాకా ఉన్న పదహారు రూల్స్ కింద, పదిహేడో రూలు వచ్చింది. బోటు డ్రైవరు అరవై కేజీలకు తగ్గరాదు, తగ్గినవాడు స్టీరింగు ముట్టరాదు. పక్కన బోటు బొమ్మ, దాని చుట్టూ బాణాలు, కింద ఏవో లెక్కలు. బరువు తక్కువైనవాళ్ళకి రోజూ ఒంటిగంటకి పంజాగుట్టలో ఆయన ఇంట్లో ప్రాక్టికల్ క్లాసు, తప్పనిసరి. ఆ క్లాసంటే భోజనమే. హాజరు పట్టీ సీతామహాలక్ష్మి గారి దగ్గర ఉండేది. రెండోసారి అన్నం పెట్టించుకున్నాకే ఆవిడ టిక్కు పెట్టేవారు.

విజయేందర్ నా దగ్గరికొచ్చి మొత్తుకున్నాడు. "గిదేం రూల్ మేడం? తింటె ప్రెజెంటు, తినకుంటె ఆబ్సెంటు. నేను బోటు నేర్సుకోనీకి అచ్చిన్నా, బువ్వ తిననీకి అచ్చిన్నా?"

నాకూ ఒళ్ళు మండింది. ప్రతి సోమవారం అందరి ముందూ పిల్లాణ్ణి కాటా ఎక్కించి అంకె చదవడం ఏం మర్యాదని బుల్లబ్బాయి గారితో పోట్లాడాను. మీ బరువుల పిచ్చికి వాడి సిగ్గు బలి కావాలా అని కూడా అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. సిలబస్సమ్మా, నేనేం చేయను అన్నారు.

యాభై మూడు, యాభై ఆరు, యాభై ఎనిమిది. మే నెల మొదట్లో కాటా అరవై దాటితే క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ ఆదివారం నుంచి హుస్సేన్‌సాగర్‌లో తెలిసినవాళ్ళ బోటు మీద వాడికి స్టీరింగు ఇచ్చారు. అరవై దాటినా బరువు నిలబడాలని భోజనం క్లాసు మాత్రం ఆపలేదు.

జులైలో, బోనాలకి వారం ముందు, ఒక ప్రైవేటు కంపెనీ హుస్సేన్‌సాగర్‌లో స్పీడు బోట్లు తిప్పడానికి డ్రైవర్ని వెతికింది. ఒకటే ఉద్యోగం, పరీక్షకి ముగ్గురు. పరీక్ష పెట్టేవాళ్ళు ఇద్దరు, కంపెనీ ఛైర్మన్ హనుమత్ప్రసాద్ గారూ, నేవీలో పనిచేసి రిటైరైన ఒక అధికారీ. ఆటోలో ఎడమవైపు బరువు చాలదని బుల్లబ్బాయి గారు నన్ను కూడా తీసుకెళ్ళారు.

ఆషాఢం గాలి విరగబడి వీస్తోంది. సముద్రం కాకపోయినా నీళ్ళు నిలకడగా లేవు. ట్యాంక్‌బండ్ గోడకి కొట్టిన అలలు వెనక్కి తన్ని, కొత్తగా వచ్చే అలలతో కలబడుతున్నాయి. హనుమత్ప్రసాద్ గారు కొండంత మనిషి, పైగా యజమాని. గాలి బాగా తగులుతుందని బోటు ముందు సీట్లో కూర్చున్నారు.

మొదటివాడు తన వేగం చూపించాడు. బోటు ఎగిరి ఎగిరి పడింది. ముక్కు రెండుసార్లు నీళ్ళలోకి దిగి లేచింది. ఛైర్మన్ గారి సఫారీ సూటు పిండితే బిందెడు నీళ్ళొచ్చాయి. రెండోవాడు అది చూసి బెదిరిపోయి, గోడ దగ్గర అలలకి అడ్డంగా తిప్పాడు. ఛైర్మన్ గారు తిరిగొచ్చి, ఒడ్డున నడుము పట్టుకుని నిలబడ్డారు. అయినా వెళ్ళి మళ్ళీ ముందు సీట్లోనే కూర్చున్నారు.

విజయేందర్ బోటెక్కాడు. ఇంజను తాడు మణికట్టుకి కట్టుకున్నాడు, ఇద్దరి లైఫ్ జాకెట్ల పట్టీలు లాగి చూశాడు, బోటు మాత్రం తియ్యలేదు.

"సార్, మీ బరువెంత?" అన్నాడు.

నా పక్కన బుల్లబ్బాయి గారు కళ్ళు మూసుకున్నారు. నాకు సిమెంటు దుకాణం కనిపించింది. ఛైర్మన్ గారు "ఎందుకు?" అన్నారు, గట్టిగానే.

"చెప్పకుంటె బోటు తియ్య సార్."

ఆయన సీట్లో సర్దుకుని, తొంభై ఎనిమిది అన్నారు. విజయేందర్ ఆయన్ని ఎగాదిగా చూసి, మనసులో ఇంకో నాలుగు కలుపుకున్నట్టే ఉన్నాడు. ఛైర్మన్ గారిని లేపి వెనక, మధ్య సీట్లో కూర్చోబెట్టాడు. సన్నగా ఉన్న నేవీ అధికారిని తన పక్కకి రమ్మన్నాడు. కాళ్ళు నేలకి ఆనించి, సీటు పిడి గట్టిగా పట్టుకోమని ఇద్దరికీ చెప్పాడు. అప్పుడు తీశాడు.

ఒడ్డు నుంచి చూస్తే అసలు పరీక్షలాగే లేదు. బోటు ప్రతి అలనీ ఏటవాలుగా ఎక్కి, మెల్లిగా దిగింది. గోడ దగ్గర బాగా నెమ్మదించింది. తిరిగే ముందు ఆగి, మూడు పెద్ద అలల్ని పోనిచ్చి, తిరిగింది. నెక్లెస్ రోడ్ వైపు గాలి చాటుకి వచ్చాకే బాణంలా పరిగెత్తింది. ఛైర్మన్ గారు పొడి బట్టలతో దిగారు. స్పీడు బోటు కదా, గోడ దగ్గర ఎందుకు నెమ్మదించావని అడిగారు.

"ఆడ అల గోడకు తాకి ఎనక్కి మల్లుతది సార్. రెండు దిక్కులకెల్లి కొడ్తది. ఆడ స్పీడు చూపిస్తె నా పని గొప్పగనే కనిపిస్తది, గని మీ నడుము పోతది."

నేవీ అధికారి ముచ్చటపడి, ఇంకేమేం రూల్స్ నేర్చుకున్నావో చెప్పమన్నారు. అమీర్‌పేటలో చదివిన పిల్లాడు కదా, ఒకటి నుంచి వరసగా గడగడా అప్పజెప్పాడు. పదిహేడు దగ్గర ఆయన ఆపారు. పాతికేళ్ళు నేవీలో ఉన్నాను, డ్రైవరు అరవై కేజీలుండాలన్న రూలు ప్రపంచంలో ఎక్కడా లేదు అన్నారు.

"ఉన్నది సార్" అన్నాడు విజయేందర్. "మా సార్ బోర్డు మీద రాసిండు. బొమ్మ సుత గీసిండు. గందుకే గదా నేను అయిదు నెలల సంది రోజు వాళ్ళింట్ల..."

అక్కడ ఆగిపోయాడు. మెల్లగా మా వైపు తిరిగాడు. బుల్లబ్బాయి గారు నీళ్ళ మధ్యనున్న బుద్ధుడి విగ్రహాన్ని, ఎన్ని కేజీలుంటుందో అంచనా వేస్తున్నట్టు, తదేకంగా చూస్తున్నారు.

నాకు సిగ్గేసింది. ప్లైవుడ్ చెక్క అవతల చేరిన ఆ పిల్లాడు ఒక్కపూట తిని బతుకుతున్నాడని అయిదు నెలలైనా నాకు తట్టలేదు. ఇస్తే పుచ్చుకోడని తెలుసుకుని, సిలబస్సులో పెట్టి తినిపించిన మనిషితో పోట్లాడాను. ఆయన మీద అంత ఇష్టం నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు.

ఛైర్మన్ గారికి కూడా ఏదో అర్థమైనట్టుంది. నిజంగా అలాంటి రూలుందా అని బుల్లబ్బాయి గారినే అడిగారు. "మా ఇన్‌స్టిట్యూట్లో ఉందండి" అన్నారీయన. ఛైర్మన్ గారు విజయేందర్‌ని సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. తన బరువు మాత్రం ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దన్నారు.

విజయేందర్ మా దగ్గరికొచ్చాడు.

"సార్, గా రూల్ లేదంట గదా."

"వాళ్ళకి లేదేమో."

"ఇగ నాకు నౌకరీ అచ్చింది. అరవై రెండున్న. ఇగ భోజనం క్లాసు ఒద్దు గద సార్."

"అరవై నేర్చుకునేవాళ్ళకి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి అరవై అయిదు" అన్నారు బుల్లబ్బాయి గారు. "ఆదివారం ఒంటిగంటకి రా. లేటైతే మా ఆవిడ ఆబ్సెంటు వేస్తుంది."

విజయేందర్ నవ్వాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. "అస్త సార్. గని ఈసారి కూరగాయలు నేను తెస్త."

బుల్లబ్బాయి గారు జేబులోంచి నోటుబుక్కు తీశారు.

"ఎన్ని కేజీలు?" అన్నారు.