దావూద్ మామ లెక్కలో గొప్పోళ్ళు

మా నరసరావుపేటలో ఎవరైనా పొరపాటున మంచిపని చేసి దావూద్ మామ కంట పడ్డారో, సాయంత్రానికల్లా వాళ్ళ మొహం ఫ్లెక్సీ మీద ఉంటుంది. ఆయనకున్న జబ్బు ఇదొక్కటే. దీనికి మందు లేదు.

బస్టాండు వెనక ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు ఆయనది. దాని పక్కన జిరాక్స్ షాపు నాది. నాయకుల పుట్టినరోజులకూ, కాలేజీల ర్యాంకులకూ వేయగా మిగిలిన షీటు ముక్కల మీద మామ తనకు నచ్చినవాళ్ళను అచ్చేసి కరెంటు స్తంభాలకు కడతాడు.

ఒకసారి, "పరిగెత్తలేని ముసలమ్మల కోసం బస్సు ఆపే డ్రైవరు ఆంజనేయులు గారికి శుభాకాంక్షలు" అని కట్టాడు. మర్నాటి నుంచి ముసలమ్మలే కాదు, కాలేజీ కుర్రాళ్ళు కూడా ఆ బస్సుకి తీరిగ్గా నడిచి రావడం మొదలుపెట్టారు. మాచర్ల చేరేసరికి రోజూ గంట ఆలస్యం. ఆంజనేయులు వచ్చి చేతులు జోడించాడు.

"మామా, దాన్ని పీకెయ్. మా సార్లు మెమో ఇచ్చేట్టున్నారు."

"ఇయ్యనీరా. ఆ మెమోని కూడా ఫొటో తీసి కింద ఏస్తా!"

మామ భార్య జరీనా ఒకరోజు గట్టిగానే అడిగింది. "ఊరందర్నీ ఏశావు. నన్నెప్పుడన్నా ఏశావా?"

"నీ గురించి రాయాలంటే అంత పొడుగు షీటు యాడ దొరుకుద్దే?" అన్నాడు. అది పొగడ్తో కాదో తేలక ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

దాచేపల్లి వైపు నుంచి కంకర క్రషర్ల ఓనరు ఒకాయన పుట్టినరోజు ఫ్లెక్సీకి వచ్చాడు. "'విజయానికి మారుపేరు' అని పెద్దక్షరాలతో పడాల" అన్నాడు.

"ఏం విజయం సార్?"

"రెండు క్రషర్లు, మూడు అపార్టుమెంట్లు. ఇంకేం కావాలయ్యా?"

"అయ్యి మీకు. ఊళ్ళోవాళ్ళు చదూకోడానికి ఏమన్నా ఉందా?"

ఆయన ఒక్కో వేలూ మడిచి, మళ్ళీ విప్పేశాడు. చివరికి, "చిన్నప్పుడు కాలవలో కొట్టుకుపోతా ఉన్నోణ్ణి ఒకణ్ణి బయటికి లాగాను" అన్నాడు మొహమాటంగా. మామ కుర్చీలోంచి లేచి ఆయన చెయ్యి ఊపేశాడు. ఫ్లెక్సీ మీద విజయం మాట తీసేసి కాలవ సంగతి వేశాడు. ఓనరు మండిపడి వెళ్ళిపోయాడు; మర్నాడొచ్చి అలాంటివే ఇంకో రెండు కావాలన్నాడు.

ఇదంతా మామ సరదా అనే అనుకునేవాణ్ణి, మహేష్ సంగతి జరిగేదాకా.

మా వెనక వీధి సరస్వతమ్మ కొడుకు మహేష్. హైదరాబాదులో ఉద్యోగం పోయి ఇంటికొచ్చి రెండు నెలలైనా గడప దాటలేదు. ఎవరు కనపడినా "ఇప్పుడేం చేస్తున్నావ్?" అంటారని భయం. ఇంతలో సరస్వతమ్మ జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. చూడ్డానికి వెళ్ళిన మామకు, మహేష్ మంచం మీద కూర్చుని అమ్మకు జడ వేస్తూ కనపడ్డాడు.

మామ పరుగున షాపుకొచ్చి ఫ్లెక్సీ తయారుచేశాడు. స్క్రీను మీద చదివి నేను అదిరిపడ్డాను. "తల్లికి రోజూ గడియ వేస్తున్న మహేష్‌కు అభినందనలు."

"మామా, జడ బదులు గడియ అని పడింది! తల్లిని గదిలో పెట్టి తలుపేసినట్టుంది!"

"నాకూ కళ్ళున్నయ్‌లేరా" అని ప్రింటు కొట్టి, వెళ్ళి వాళ్ళింటి ఎదురుగానే కట్టాడు.

పది నిమిషాల్లో మాసిన గడ్డంతో, లుంగీతో మహేష్ వీధిలోకి ఉరికాడు. దారిపొడుగునా అందరూ ఆపారు.

"ఏందిరా, అమ్మని గదిలో పెట్టావంట?"

"లేదు పిన్నీ, జడేస్తున్నా! జడ!"

"చెయ్యి విరిగిన మనిషికి గడియేంది అబ్బాయ్?"

"గడియ కాదు బాబాయ్, జడ! వంట కూడా నేనే చేస్తున్నా!"

షాపు చేరేసరికి వీధి మొత్తానికి చెప్పేశాడు. ఉద్యోగం సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

"నా తెలుగు అంతేరా. నువ్వే దిద్దు" అని మామ కుర్చీ జరిపి టీ తెప్పించాడు. మహేష్ దాన్ని దిద్ది, పక్కనున్న నాలుగు పెళ్ళి ఫ్లెక్సీలూ దిద్ది, మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు.

వాడు వెళ్ళాక అడిగాను. "కావాలనే చేశావు కదూ?"

"ఉత్త జడ అని ఏస్తే సిగ్గుపడి ఇంకో రెణ్ణెల్లు లోపలే కూసునేవాడురా" అన్నాడు మామ, షీటు చుట్టుకుంటూ.

సాయంత్రం దిద్దిన ఫ్లెక్సీ కట్టాం. సరస్వతమ్మ చేతికట్టుతో వచ్చి, కొత్త జడలో కనకాంబరాలు సర్దుకుంటూ, దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత నేరుగా షాపుకొచ్చింది. కృతజ్ఞత చెబుతుందని మామ సిగ్గుపడుతూ లేచి నిలబడ్డాడు.

"ఏమయ్యా దావూదూ," అందామె, "జడ నాదైతే ఫొటో వాడిదేస్తావా?"